చిత్రాన్ని చదవడం నేర్చుకుందాం – నాలుగో పాఠం: చూపులు, చేతులు, నేలమీది వస్తువులు

గత పాఠంలో డచ్చి చిత్రకారుడు వెర్మీర్ వేసిన చిత్రం 'పాలు పోసే పనిమనిషి'లో వెలుతురు వెంట నడిచాం. ఎడమవైపు కిటికీలోంచి వచ్చిన వెలుగు గోడమీద ఎలా పలచబడుతుందో, రొట్టెమీద చుక్కలు చుక్కలుగా ఎలా నిలుస్తుందో చూశాం. ఇంటిపనిగా ఒక ప్రశ్న ఇచ్చాను: ఆ గదిలో వెనకవైపు నేలమీద ఉన్న చిన్న చెక్కపెట్టె దేనికి?

అది కాళ్లు కాచుకునే పెట్టె. లోపల నిప్పులు వేసిన మట్టిపాత్ర ఉంటుంది. పైమూతకు చిల్లులుంటాయి. చలికాలంలో దానిమీద పాదాలు ఆనించుకుంటారు. దాని వెనక గోడ అడుగున వరసగా అతికించిన పింగాణీ పలకల్లో ఒకదానిమీద చిన్న మన్మథుడి బొమ్మ కూడా ఉంది. ఈ రెండూ కనిపెట్టినవాళ్లు ఈరోజు పాఠానికి సిద్ధంగా ఉన్నట్టే. కనిపెట్టనివాళ్లు నిరుత్సాహపడనక్కరలేదు. చిత్రం ముందు నిలబడగానే కన్ను ముఖంమీదికి పోతుంది, అక్కడే ఆగిపోతుంది. దాన్ని అక్కడినుంచి కదిలించి నేలదాకా తీసుకురావడం అభ్యాసంతో వచ్చే విద్య. ఈ పాఠమంతా దాని గురించే.

ఈరోజు మన చిత్రం ఫ్రెంచి చిత్రకారుడు ఝాఁ సిమెయోఁ షార్దాఁ వేసిన 'గవర్నెస్'. గవర్నెస్ అంటే ఒకరి ఇంట్లో జీతానికి ఉండి పిల్లల చదువూ నడవడీ చూసుకునే స్త్రీ. 1739 నాటి తైలవర్ణ చిత్రం. ప్రస్తుతం కెనడా రాజధాని ఒట్టావాలోని జాతీయ చిత్రశాలలో ఉంది. అంతకుముందు లిచెన్‌స్టైన్ రాజవంశీకుల సంగ్రహంలో ఉండేది, 1956లో కెనడాకు వచ్చింది. ఎత్తు సుమారు 47 సెంటీమీటర్లు, వెడల్పు 38 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఈ కొలత గుర్తుంచుకోండి. తెరిచిన దినపత్రికలో ఒక పేజీకన్నా చిన్నది. రాజమందిరంలో దూరం నుంచి చూసి తల వంచడానికి వేసింది కాదు, దగ్గరగా నిలబడి ఒకరిద్దరు చూడడానికి వేసింది. చిత్రశాల వారి వెబ్‌సైటులో పెద్ద పరిమాణంలో దొరుకుతుంది. ఫోనులో కన్నా కంప్యూటర్ తెరమీద చూడడం మేలు. ఒక ట్రేసింగ్ పేపరు, పెన్సిలు, ఒక తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. ట్రేసింగ్ పేపరు లేకపోతే నూనె రాసిన పలచని కాగితమైనా సరిపోతుంది.

చిత్రం గురించి ఇంకేమీ చదవకండి. ముందు చూడండి. కనీసం ఐదు నిమిషాలు. ఆ తరువాతే కింది పేరాలోకి రండి.

ఇంట్లో ఒక గది. కుర్చీలో ఒక స్త్రీ కూర్చుని ఉంది. తలకు తెల్లని టోపీ గుడ్డ. ఆమె ఎదురుగా ఒక కుర్రవాడు నిలబడ్డాడు. జుట్టు వెనక్కు దువ్వి రిబ్బనుతో కట్టి ఉంది, చంకలో పుస్తకాలున్నాయి. బడికి బయలుదేరుతున్నాడు. ఆమె చేతిలో వాడి మూడు మూలల టోపీ, ఇంకో చేతిలో బ్రష్షు. ఆమె పక్కన కుట్టుపని బుట్ట. కుర్రవాడి వైపు నేలమీద పేకముక్కలు, ఒక బ్యాటు, ఈకల బంతి పడి ఉన్నాయి. వెనక ఒక తలుపు ఓరగా తెరిచి ఉంది. చిత్రంలో ఉన్నదంతా దాదాపు ఇంతే.

ఇప్పుడు కాగితం మధ్యలో ఒక నిలువు గీత గీయండి. ఎడమపక్కన 'కనిపించింది' అని, కుడిపక్కన 'అనుకున్నది' అని రాయండి. ఈ పద్ధతి కష్టమేమీ కాదు, కానీ నిజాయితీగా చేయాలి. 'ఆమె వాడిని మందలిస్తోంది' అనేది ఏ పక్కకు వెళ్లాలి? చాలామంది ఎడమపక్కన రాసేస్తారు. కాదు, అది కుడిపక్కకు పోవాలి. కనిపించింది ఏమిటంటే: ఆమె చేతిలో టోపీ ఉంది, బ్రష్షు ఉంది, ముఖం వాడివైపు ఎత్తి ఉంది. వాడి తల వంగి ఉంది. మందలింపు అనేది ఈ నాలుగూ కలిపి మనం అల్లుకున్నది. అది సరైనదే కావచ్చు. అయినా అది మన మనసు నుంచి వచ్చిందని తెలిసి ఉండాలి. చిత్రకళ చూడడం మొదలుపెట్టినవాళ్లకు నేను ఒకే ఒక్క సలహా ఇవ్వవలసి వస్తే ఈ నిలువు గీతనే ఇస్తాను.

మొదటి అభ్యాసం: చూపుల గీతలు

ట్రేసింగ్ పేపరు చిత్రంమీద పరిచి, రెండు ముఖాల దగ్గర కళ్ల స్థానంలో చుక్కలు పెట్టండి. ప్రతి చుక్క నుంచి ఆ మనిషి ఎటు చూస్తే అటు ఒక గీత లాగండి.

ఆమె గీత పైకి వెళుతుంది. కూర్చున్న మనిషి నిలబడ్డ పిల్లవాడి ముఖంలోకి చూస్తోంది. వాడి గీత కిందికి దిగుతుంది. ఆమె కళ్లను అది తాకదు. రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుని పోతాయి. ఈ చిత్రం నడిచేదంతా ఆ కలవని గీతల మధ్యనే. రెండు గీతలూ కలిసి ఉంటే అది సంభాషణ అయ్యేది, ముద్దుముచ్చట అయ్యేది. ఇద్దరూ చూపులు తిప్పుకుని ఉంటే కోపం అయ్యేది. ఒకరు చూస్తున్నారు, రెండోవారు చూపు దించుకున్నారు. పెద్దవాళ్లు బుద్ధి చెబుతుంటే పిల్లలు వినే తీరు అది. విన్నట్టూ ఉంటుంది, విననట్టూ ఉంటుంది.

ఇందులో మరో సంగతి గమనించండి. అధికారం ఉన్న మనిషి కింద ఉంది, లోబడవలసినవాడు పైన ఉన్నాడు. ఆమె పైనుంచి కిందికి చూసి గద్దించడం లేదు, కింది నుంచి పైకి చూసి అడుగుతోంది. నిలబడి వేలు చూపిస్తున్నట్టు వేసి ఉంటే ఇదే సన్నివేశం ఎంత కటువుగా ఉండేదో ఊహించండి. ఆ ఇంట్లో ఆమె జీతానికి ఉన్న మనిషి. పిల్లవాడు ఇంటి యజమాని బిడ్డ. ఆ సంబంధంలోని సున్నితమైన కొలతను షార్దాఁ ఒక కుర్చీ ఎత్తుతో చెప్పేశాడు. 'అనుకున్నది' పక్కన ఇది రాసుకోవచ్చు. నాకు మాత్రం దీనిమీద గట్టి నమ్మకం ఉంది.

రెండో అభ్యాసం: చేతుల్లో ఏముంది?

చూపులు అయ్యాక చేతులు. ప్రతి చేతి చుట్టూ ఒక సున్నా చుట్టండి. ఆ చేయి ఏం పట్టుకుంది, ఆ వస్తువు నిజానికి ఎవరిది అని రాయండి.

ఆమె చేతుల్లో టోపీ, బ్రష్షు. టోపీ కుర్రవాడిది. వాడి సొమ్ము ఆమె చేతిలో ఉంది. అది తిరిగి చేతికొచ్చేదాకా వాడు గుమ్మం దాటలేడు. ఈ ఒక్క వస్తువుతో ఇద్దరినీ ఒకచోట నిలబెట్టాడు చిత్రకారుడు. టోపీ లేకపోతే ఇద్దరు మనుషులు ఊరికే ఎదురెదురుగా ఉన్న చిత్రం అవుతుంది. టోపీ ఉండబట్టి అది ఒక క్షణం అయింది. ఇప్పుడేమిటి, తరువాత ఏమిటి అని మనం ఎదురుచూసే క్షణం. బ్రష్షు కదులుతున్నట్టుగా లేదు, ఆగినట్టుంది. దుమ్ము దులుపుతూ దులుపుతూ మధ్యలో ఆపి మాట చెబుతోంది.

ఇక్కడే షార్దాఁ మొదటి విద్య గుర్తు చేసుకోవాలి. ఆయన 1699లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగి, బిలియర్డ్స్ బల్లలు చేసేవాడు. 1728లో రాజాస్థాన కళా అకాడమీ ఆయన్ను చేర్చుకున్నప్పుడు జంతువులు, పండ్లు వేసే చిత్రకారుడిగా చేర్చుకుంది. ఆ రోజుల్లో చిత్రాలకు అంతస్తులుండేవి. పురాణాలు, చరిత్ర వేసేవారిది పైమెట్టు. పండ్లు, కుండలు వేసేవారిది అట్టడుగు మెట్టు. ఆయన మనుషులను వేయడం 1730ల్లోనే మొదలైంది. కానీ కుండనూ కుందేలునూ ఓర్పుగా చూసిన కన్ను అలాగే ఉండిపోయింది. అందుకే ఈ చిత్రంలో టోపీకి ముఖంతో సమానమైన శ్రద్ధ దొరికింది. వస్తువును తక్కువగా చూడని మనిషి గీసిన మనుషులు ఇలా ఉంటారు. నాకు షార్దాఁ మీద ఉన్న ప్రేమకు కారణం ఇదే.

మూడో అభ్యాసం: నేల

చిత్రంలో కింది మూడో వంతు తప్ప మిగతాదంతా ఒక అట్టముక్కతో కప్పేయండి. అవును, ముఖాలు కనబడకుండా. ఇప్పుడు మిగిలింది చూడండి.

పేకముక్కలు చెదిరి ఉన్నాయి. బ్యాటు పడి ఉంది. ఈకల బంతి ఒకటి. ఇటువైపు బుట్ట, అందులో ఊలు. ఒకవైపు ఆట, ఒకవైపు పని. పిల్లవాడి వస్తువులు నేలమీద ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. ఆమె వస్తువులు బుట్టలో అమరి ఉన్నాయి. ఇద్దరి స్వభావాలూ వాళ్ల ముఖాలకన్నా ముందే నేలమీద తెలిసిపోతాయి. వాడు ఆటను ముగించి రాలేదు, వదిలేసి వచ్చాడు. పేకముక్కలు సర్దకపోవడం వల్ల అది తెలుస్తోంది.

అట్టముక్క తీసేసి ఇప్పుడు మొత్తం చూడండి. కుర్రవాడు ఎక్కడ నిలబడ్డాడు? ఒకపక్క ఆటవస్తువులు, ఒకపక్క టోపీ పట్టుకున్న ఆమె, వెనక ఓరగా తెరిచిన తలుపు. వాడి మనసు ఉన్న చోటు, వాడిని ఆపిన చోటు, వాడు వెళ్లవలసిన చోటు, మూడూ వాడి చుట్టూనే ఉన్నాయి. ట్రేసింగ్ పేపరుమీద ఈ మూడింటినీ గీతలతో కలిపితే త్రికోణం వస్తుంది. దాని లోపల పుస్తకాలు చంకన పెట్టుకుని తల వంచుకున్న పిల్లవాడు.

షార్దాఁకు పిల్లల ఆటవస్తువులు కొత్త కాదు. 1738లో ప్రదర్శించిన 'బొంగరంతో బాలుడు'లో పుస్తకాలు, కాగితాలు పక్కకు జరిపి బల్లమీద తిరిగే బొంగరాన్ని తదేకంగా చూస్తున్న పిల్లవాడున్నాడు. అది ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. వీలైతే రెండు చిత్రాలూ పక్కపక్కన తెరిచి చూడండి. అక్కడ ఆట గెలిచింది. ఇక్కడ ఆటలోంచి పిల్లవాణ్ని చదువు బయటికి లాక్కొచ్చింది. రెండు చోట్లా పిల్లల ఆటను చిన్నచూపు చూడలేదు.

చిత్రం కింద రాసిన మాటలు

ఇప్పుడు ఒక పరీక్ష. ఈ చిత్రాన్ని 1739లో లూవ్ర్‌లో జరిగిన అకాడమీ ప్రదర్శనలో పెట్టారు. జనానికి బాగా నచ్చింది. అదే ఏడాది బెర్నార్ లెపిసియే దీన్ని రాగిరేకుమీద చెక్కి అచ్చులు తీశాడు. అసలు చిత్రం కొనలేనివాళ్లు అచ్చు కొని గోడకు తగిలించుకునేవారు. షార్దాఁ పేరు దూరదేశాలకు పాకింది ఈ అచ్చుల వల్లనే. అచ్చు చూసేటప్పుడు ఒక జాగ్రత్త: రాగిరేకు నుంచి అచ్చు తీసినప్పుడు సాధారణంగా కుడి ఎడమలు తారుమారవుతాయి. కాబట్టి చూపుల గీతలు గీసే ముందు మీ ముందున్నది చిత్రమా, అచ్చా అని నిర్ధారించుకోండి.

లెపిసియే ఆ అచ్చు కింద నాలుగు పాదాల పద్యం కూడా చేర్చాడు. దాని భావం: ఈ పిల్లవాడి నంగనాచి ముఖం చూసి, వినయం చూసి మోసపోకండి, వీడు మళ్లీ ఈకల బంతి ఆటకు ఎప్పుడు పోదామా అని చూస్తున్నాడని పందెం కాస్తాను.

పద్యం చమత్కారంగానే ఉంది. కానీ మీ కాగితం తీసి చూసుకోండి. 'నంగనాచి ముఖం' అనేది మీ ఎడమపక్క ఉందా? నా కాగితంలో లేదు. వంచిన తల ఉంది, దించిన కళ్లున్నాయి. కపటం లెపిసియే చేర్చినది. కుడిపక్కన రాసుకోదగిన ఊహే, కానీ ఊహే. పద్యం చదివాక చిత్రం చూస్తే ఆ కపటం కనిపించడం మొదలవుతుంది. ఇక దాన్ని తుడిచేయడం కష్టం. అందుకే ముందు ఐదు నిమిషాలు చదవకుండా చూడమన్నది. చిత్రశాలలకు వెళ్లినప్పుడూ ఇదే పాటించండి: గోడమీది వివరణ చీటీ ఆఖర్న చదవండి.

నేను పిల్లవాడి పక్షమే. ఆ వంచిన తలలో నాకు సిగ్గు కనిపిస్తుంది, కాస్త ఉడుకుమోతుతనం కనిపిస్తుంది, ఎప్పుడు వదులుతారా అన్న ఓపికలేమి కనిపిస్తుంది. షార్దాఁ తీర్పు చెప్పలేదు. పద్యం తీర్పు చెప్పింది.

చిత్రకారుడి జీవితం విషయంలో కూడా ఇదే పట్టుదల అవసరం. షార్దాఁ మొదటి భార్య మార్గరీత్ 1735లో చనిపోయింది. కొడుకు ఝాఁ పియెర్ 1731లో పుట్టాడు. అంటే ఈ చిత్రం వేసేనాటికి ఇంట్లో ఏడెనిమిదేళ్ల తల్లిలేని పిల్లవాడు ఉన్నాడు. ఇది తెలియగానే చిత్రంలోని కుర్రవాడు అతడే అనేయాలని ఉంటుంది. అనకండి. బాగా డబ్బున్న ఇంటి వేషంలో ఉన్న ఈ కుర్రవాడికీ, చిత్రకారుడి కొడుక్కీ వంతెన వేసేది మన జాలి తప్ప చిత్రం కాదు. ఆ సంగతి తెలుసుకుని ఉంచుకోండి, అది కుడిపక్కనే ఉండాలి.

అదే ఏడాది, అదే ఊరు, ఇంకో ఇల్లు

షార్దాఁను రొకోకో చిత్రకారుడు అనవచ్చా అని కొందరు పాఠకులు అడుగుతారని తెలుసు. రొకోకో అంటే ఆనాటి ఫ్రాన్సులో నడిచిన అలంకార శైలి. కాలం రొకోకోది: పదిహేనో లూయీ రాజ్యం, శంఖాల్లా మెలికలు తిరిగే బంగారు పూత చట్రాలు, లేత రంగులు, తీపి నవ్వులు. షార్దాఁ ఆ కాలంలో ఉండి కూడా గోధుమరంగులోనూ మౌనంలోనూ ఉండిపోయాడు. ఆ తేడా మాటల్లో చెప్పడం కన్నా రొకోకో చిత్రకారుడు ఫ్రాన్స్వా బూషే వేసిన 'ఉపాహారం' చూస్తే తెలుస్తుంది. అదీ 1739లో వేసిందే. లూవ్ర్‌లో ఉంది. సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, అంటే షార్దాఁ చిత్రంకన్నా చాలా పెద్దది.

అక్కడ ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పిల్లలు, వేడి పానీయం పాత్ర పట్టుకుని నిలబడ్డ ఒక యువకుడు. చెంచాతో తినిపించడం ఉంది, బొమ్మ పట్టుకున్న పిల్ల ఉంది. గది నిండా వెలుతురు. బంగారు పూత గడియారం, మెలికల చట్రంలో పెద్ద అద్దం, అరమీద చైనా బొమ్మ. నిజానికి ఇది కూడా ఇంటి ముచ్చటే, హాయిగా ఉంటుంది. బూషేను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ మూడో అభ్యాసం ఇక్కడా చేసి చూడండి. వస్తువులు లెక్కపెడితే ఆగవు. వాటిలో చాలావాటిని ఎవరూ వాడడం లేదు, అవి ఆ ఇంటి కలిమి చెబుతున్నాయి. షార్దాఁ గదిలో ప్రతి వస్తువునూ ఎవరో ఇప్పుడే వాడారు, లేదా వాడబోతున్నారు. అలంకారానికి ఉన్న వస్తువునూ పనికి ఉన్న వస్తువునూ వేరు చేయగలిగితే ఇంటి చిత్రాలు చదవడంలో సగం దారి వచ్చేసినట్టు.

ఇలాంటి చిత్రాల్లో తెలుగువాళ్లు ప్రత్యేకంగా వెతకవలసిన వస్తువు ఒకటుంది: అద్దకం పువ్వుల నూలుబట్ట. ఫ్రెంచివారు మచిలీపట్నంలో 1669లో వర్తకస్థానం పెట్టారు. కోరమాండల్ తీరం నుంచి వెళ్లే రంగుబట్టలకు ఫ్రాన్సులో గిరాకీ ఎంత పెరిగిందంటే, అక్కడి పట్టు, ఉన్ని నేతవారి మొర విని 1686లో ప్రభుత్వం వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం తొలగలేదు. జనం మాత్రం వాడడం మానలేదు. కాబట్టి ఆ నడిమి కాలపు ఫ్రెంచి చిత్రంలో పువ్వుల దుస్తులు కనిపిస్తే ఆగి, బట్ట మెరుస్తోందా, మడతలు బిరుసుగా విరుగుతున్నాయా, మెత్తగా జారుతున్నాయా అని చూడండి. పట్టు వెలుతురును తిప్పి కొడుతుంది. నూలు తాగేస్తుంది. గత పాఠంలో నేర్చుకున్న వెలుతురు విద్య ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇంటిపని

ఈసారి చిత్రం షార్దాఁదే: 'భోజనానికి ముందు ప్రార్థన'. 1740లో ఆయన దీన్ని పదిహేనో లూయీకి స్వయంగా సమర్పించాడు. ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. తల్లి వడ్డిస్తోంది, ఇద్దరు పిల్లలున్నారు. ఇద్దరిలో చిన్నవారు ప్రార్థనకు చేతులు జోడించారు. కాగితంమీద నిలువు గీత గీసి ఐదు నిమిషాలు చూడండి. ముగ్గురి చూపుల గీతలూ గీయండి. ఈసారి మూడు గీతలు ఉంటాయి కాబట్టి అవి ఎక్కడ కలుస్తున్నాయో గుర్తు పెట్టండి. చేతులకు సున్నాలు చుట్టండి. చిన్న కుర్చీకి వేలాడుతున్న వస్తువు ఏమిటో, అది అక్కడికి ఎందుకు వచ్చిందో ఎడమపక్కన ఒక వాక్యం, కుడిపక్కన ఒక వాక్యం రాయండి. సొంత ఊహను ఎడమపక్క రాసేశారేమో చివరిసారి సరిచూసుకోండి.

దీనికి ఒక వారం తీసుకోండి. రోజూ కాసేపు చూస్తే చాలు, ఒకేసారి గంటసేపు చూడనక్కరలేదు. మొదటిరోజు కాగితాన్నీ చివరిరోజు కాగితాన్నీ విడివిడిగా ఉంచండి. వచ్చే పాఠంలో రెండింటినీ పోల్చి చూస్తాం.

వచ్చే పాఠంలో మనుషులు ఉండరు. షార్దాఁ సుమారు 1761లో వేసిన 'నీళ్ల గ్లాసు, కాఫీ పాత్ర' తీసుకుంటాం. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మ్యూజియంలో ఉంది. గాజును, నీటిని, వెల్లుల్లి పొట్టును రంగుతో ఎలా చెప్పాడో చూద్దాం. ఆ పాఠానికి ముందే ఒక సాదా గాజుగ్లాసు సగానికి పైగా నీళ్లతో, కొన్ని వెల్లుల్లిపాయలు, వీలైతే మసిపట్టిన ఒక పాత గిన్నె కిటికీ దగ్గర బల్లమీద పెట్టుకోండి. పొట్టు తీయకండి.